లోపాల కోటా

గోనెసంచుల అభివృద్ధి సంస్థ అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళకు అది ఎందుకుందో తెలియదు. ఆ సంస్థ నిడదవోలు జోనల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పనిచేసే హైమావతికి మాత్రం అది ఎందుకుందో బాగా తెలుసు. చుంచయ్య కోసం.

చుంచయ్య ఒక ఎలుక. ఆఫీసు వెనక గోదాములో నిజం ఎలుకలు బోలెడున్నాయి గాని, చుంచయ్య వాటిలాంటివాడు కాదు. హైమావతి ఫోనులో పుట్టాడు. మెడలో కండువా, ముక్కు మీద కళ్ళజోడు, పక్కన సణుగుతూ భార్య చుంచమ్మ. గోదాముకు తానే మేనేజరునని అతని గట్టి నమ్మకం. మధ్యాహ్నం భోజనాల వేళ హైమావతి గబగబా నాలుగు మెతుకులు కతికి, ఫోను మీద ప్లాస్టిక్ పెన్నుతో నాలుగు గడుల కామిక్ గీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేది. బొమ్మలు గీయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆ సంగతి బొమ్మ చూస్తే తెలిసేది. ఆమెకూ తెలుసు. తెలియనిదల్లా ఎక్కడ తేడా కొడుతోందో.

అదే ఎవరూ చెప్పేవారు కాదు. బొమ్మ పెట్టీ పెట్టగానే జోడించిన చేతులు, పైకెత్తిన బొటనవేళ్ళు, గులాబీ పువ్వులు బిలబిలమంటూ వచ్చి పడేవి. డ్రైవరు ఏసుపాదం ప్రతిదానికీ "సూపర్ మేడం గారండీ" అని పెట్టేవాడు. ఒకసారి ఆమె పొరపాటున కరెంటు బిల్లు ఫొటో పెడితే దానికీ అదే పెట్టాడు. ఇంట్లో భర్త శేషగిరి టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "బ్రహ్మాండం" అనేవాడు. హైమావతికి ఏడుపొచ్చేది. ఎవరైనా ఒక్కరు, ఇది బాగాలేదు, ఇందుకు బాగాలేదు అని చెబితే వాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెడదామనుకునేది.

ఆమె మొర దేవుడు విన్నాడో లేదో గాని, హెడ్డాఫీసు వింది.

కొత్తగా వచ్చిన ఎం.డి. గారు కొండ మీద ఏదో రిసార్టులో శిక్షణకు వెళ్ళి, విమర్శ కరువై సంస్థలు నాశనమైపోతున్నాయని అక్కడ తెలుసుకుని, ఆ కంగారుతోనే కొండ దిగారు. దిగిన వారానికే సర్క్యులర్ వచ్చింది. జోనల్ మేనేజరు నరసరాజు గారు సిబ్బందినందరినీ తన గదిలో నిలబెట్టి అది చదివారు. ఆయన భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. మీటింగుల్లో ఎప్పుడూ ముందున్న కాగితాల మీద అరచెయ్యి బోర్లించి పెట్టుకునేవారు, ఎవరైనా కాపీ కొడతారేమో అన్నట్టు.

"ప్రతి ఉద్యోగీ వారమునకు కనీసం ఒక నిర్మాణాత్మక విమర్శ చేయవలెను. విమర్శ చేయనివారి ఇంక్రిమెంటు నిలుపుదల చేయబడును. సంస్థ పనితీరు, అధికారుల నిర్ణయములు, క్యాంటీను, ఇవి విమర్శ పరిధిలోనికి రావు. ఉద్యోగుల కళాసృష్టిని మాత్రమే విమర్శించవలెను. విమర్శ ప్రశంసతో ప్రారంభమై, ఒక లోపమును చూపి, నివారణోపాయముతో ముగియవలెను. ఒకే లోపమును ఇరువురు చూపరాదు. అట్లు చూపుట ఒకే ప్రయాణమునకు ఇరువురు బత్తెము తీసుకొనుటతో సమానముగా పరిగణించబడును."

కళాసృష్టి ఎవరి దగ్గరుందని ఆయన అడిగారు. ఎకౌంట్స్ సెక్షనులో ఒకాయన పద్యాలు పాడతాడు గాని, విమర్శించాలంటే ముందు వినాలి. అందరూ హైమావతి వైపు చూశారు. ఆ క్షణంలో ఆమె మొహం చూసి తీరాలి. పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుపడలేదు.

సోమవారం ఆమె ఎంతో ఇష్టంగా ఒక కామిక్ పెట్టింది. మొదటి గడిలో చుంచయ్య గోనెసంచికి చిల్లు పెడుతుంటాడు. రెండో గడిలో చుంచమ్మ, ఏం చేస్తున్నారని అడుగుతుంది. మూడో గడిలో చుంచయ్య కళ్ళజోడు సవరించుకుని, తనిఖీ అంటాడు. వెనకాల ఇన్‌స్పెక్టరు ఇనుపగొట్టంతో ఇంకో సంచికి అంతకన్నా పెద్ద చిల్లు పెడుతుంటాడు. నాలుగో గడిలో చుంచయ్య ఆయనకు నమస్కారం పెట్టి, "మనిద్దరం చేసేది ఒకటే పని కదండీ, పేరే వేరు" అంటాడు.

పావుగంటలో విమర్శలు వెల్లువెత్తాయి. చిత్రం కనులవిందుగా ఉంది, అయితే ఎలుక చెవులు చిన్నవి, పెద్దవి చేయగలరు. చిత్రం అద్భుతం, అయితే తోక పొడుగు, కత్తిరించగలరు. చిత్రం ప్రశంసనీయం, అయితే సంచి మీద సంస్థ ముద్ర లేదు, ముద్రించగలరు. హైమావతి ఒక్కొక్కటీ కళ్ళకద్దుకుని చదివింది. సాయంత్రం మళ్ళీ మొదట్నించీ చదివితే ఆమెకు ఏదో వెలితిగా తోచింది. ఎలుక వెంట్రుకలు లెక్కపెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. నవ్వొచ్చిందో లేదో ఒక్కరూ చెప్పలేదు.

డిప్యూటీ మేనేజరు భానోజీరావుకు వచ్చిన కష్టం వేరు. ఆయన బ్యాంకు పని చూసుకుని మధ్యాహ్నానికి వచ్చేసరికి లోపాలన్నీ అయిపోయాయి. చెవులు క్యాషియరు తీసుకుంది. తోక ఏసుపాదం తన్నుకుపోయాడు. ఆఖరికి కండువా రంగు కూడా వాచ్‌మన్ పేరున నమోదైపోయింది. భానోజీరావు ఫోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, తలకిందులుగా పెట్టుకుని చూసి, చివరికి "ఎలుక మరీ ఎలుకలా ఉంది" అని రాశారు. లోపము నిరూపితము కాలేదని హెడ్డాఫీసు తిప్పికొట్టింది.

మర్నాడు ఆయన హైమావతి బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అంతవరకు ఆమెను ఏకవచనం దాటి పిలిచి ఎరగరు.

"హైమావతి గారూ, ఈ వారం నాకో మంచి లోపం చూసి పెట్టండి. మా అమ్మాయి ఫీజు కట్టాలండీ. ఇంక్రిమెంటు ఆగిపోతే మా ఇంట్లో నేను తలెత్తుకోలేను."

హైమావతిది మెత్తని మనసు. అలాగేనండీ అంది. ఆయన కోసం చుంచయ్య మీసంలో ఒక వెంట్రుక ఎగ్గొట్టింది. ఆ కబురు గంటలో ఆఫీసంతా పాకింది. క్యాషియరు పూతరేకులు తెచ్చిపెట్టి ఒక లోపం అడిగింది. ఏసుపాదం ఏమీ తేలేదు గాని గుమ్మం దగ్గర అంత దీనంగా నిలబడ్డాడు, అతని కోసం హైమావతి చుంచయ్యకు రెండో తోక పెట్టేసింది. ఆ సోమవారం ఎవరి లోపం వాళ్ళు హాయిగా ఏరుకున్నారు.

భానోజీరావు మాత్రం మండిపడ్డారు. డ్రైవరుకు రెండు తోకలు, డిప్యూటీ మేనేజరుకు ఒక వెంట్రుకా అని నేరుగా నరసరాజు గారి గదిలోకి వెళ్ళి అడిగారు. ఆయన అడిగిన దాంట్లో న్యాయముంది. నరసరాజు గారు అరచెయ్యి కాగితాల మీంచి తీయకుండానే చాలాసేపు ఆలోచించారు. ఆ ఆఫీసులో దేన్నయినా పంచాలంటే వాళ్ళకు తెలిసిన పద్ధతి ఒక్కటే. గోనెసంచులు ఎలా పంచుతారో అలాగే పంచడం. ముందు ఇంత కావాలని ఇండెంటు, తరవాత మంజూరు, ఆపైన కేటాయింపు, ముట్టినట్టు సంతకం.

లోపాలకూ అదే వర్తింపజేస్తూ ఉత్తర్వు వెలువడింది. శరీర నిర్మాణానికి సంబంధించిన లోపాలు అధికారులకు. దుస్తులు, కళ్ళజోడు, సామాను గుమాస్తాలకు. నేల, గోడ, నీడ నాలుగో తరగతి ఉద్యోగులకు. సెలవు మీద వెళ్ళేవారు తమ లోపాన్ని ముందుగా తీసుకోవచ్చు. ప్రసూతి సెలవులో ఉన్న స్వీపరుకు ఆర్నెల్ల లోపాలు ఒకేసారి మంజూరయ్యాయి. ఆ వారం చుంచయ్య గోదాముకు గోడే లేకుండా పోయింది.

పద్ధతి బాగా పనిచేసింది. అదే వచ్చిన చిక్కు. హెడ్డాఫీసు నిడదవోలు జోన్‌ను ఆదర్శ విమర్శా జోన్‌గా ప్రకటించింది. పక్క జోన్లలో బొమ్మలు వేసేవాళ్ళు లేక సిబ్బంది అల్లాడిపోతున్నారనీ, మిగులు లోపాలుంటే బదిలీ చేయగలరనీ ఫోన్లు మొదలయ్యాయి. నరసరాజు గారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. చుంచయ్యకు ఆరో కాలు పుట్టింది. కడుపు మీద ముక్కు మొలిచింది. చుంచమ్మ ఎదురుపడితే, మీరెవరండీ అని అడిగే స్థితికి వచ్చేశాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం హైమావతి ఇంట్లో కూర్చుని, ఆఫీసు గొడవ లేకుండా, ఒట్టి తనకోసం చుంచయ్యను గీసుకుందామనుకుంది. పాత చుంచయ్యని, కండువా వేసుకున్నవాడిని. గీసి చూసుకుంటే ఆరు కాళ్ళున్నాయి. తుడిచి మళ్ళీ గీసింది. చెయ్యి దానంతటది పోయి రెండో తోక పెట్టేసింది. ఆమెకు నిజంగా భయమేసింది. నేర్చుకుందామని బయలుదేరి, వచ్చిన నాలుగు గీతలూ పోగొట్టుకుంటున్నానని తెలిసిపోయింది. శేషగిరి తొంగి చూసి బ్రహ్మాండం అన్నాడు. పక్కనున్న పళ్ళెం విసిరికొట్టాలనిపించింది గాని, స్టీలు పళ్ళెం, చప్పుడవుతుందని ఊరుకుంది.

ఆఫీసు వరండాలో ఒక బల్ల ఉంది. దాని మీద రోజూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దక్షిణామూర్తి గారు కూర్చునేవారు. ఆయన సీనియర్ అసిస్టెంటు, సస్పెన్షన్‌లో ఉన్నారు. అంతకు ముందున్న ఎం.డి. స్వయంగా రాసిన ముప్పై పేజీల ప్రణాళిక మీద అభిప్రాయం రాయమంటే, "ఇందులో విషయం లేదు" అని రాసి సంతకం పెట్టారు. సగం జీతం ఇస్తూ, రోజూ వచ్చి వరండాలో ఉండిపొమ్మన్నారు. ఆయనతో మాట్లాడితే తమకేం చుట్టుకుంటుందోనని ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆయనకూ ఎవరితోనూ మాట్లాడాలని ఉండేది కాదు. ముక్కోపి.

సోమవారం హైమావతి క్యారియరు పట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇంక్రిమెంటు ఎటూ ఆగిపోయింది, ఆయనకు ఏ లోపమూ కేటాయించలేదు. ఆ ధైర్యంతోనే ఫోను చేతికిచ్చి, మొదటి రోజు పెట్టిన తనిఖీ కామిక్ చూపించింది. ఉన్నదున్నట్టు చెప్పమని అడిగింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. మూడో గడి దగ్గర ఆయన మీసం కదిలింది. నాలుగో గడి చూసి ఫోను తిరిగి ఇచ్చేశారు.

"మూడో గడిలో నవ్వొచ్చిందమ్మా. నాలుగో గడిలో నువ్వొచ్చి, ఎందుకు నవ్వారో తెలుసా అని నన్ను అడిగావు. నవ్వు చచ్చిపోయింది."

"అంటే, అర్థం కాదేమోనని బాబాయ్ గారూ."

"అర్థం కానివాడి కోసం నువ్వెందుకు గీస్తావ్? చూసేవాడికి బుర్ర లేదని నీ నమ్మకం. ప్రతి బొమ్మలోనూ అంతే చేస్తున్నావ్. చివర్న పాఠం చెబుతున్నావ్."

చెవులు చిన్నవి, తోక పొడుగు అంటే హైమావతికి ఏమీ అనిపించలేదు. ఇది మాత్రం ముల్లులా దిగింది. ఈయనగారు అడిగినదానికన్నా ఎక్కువ చెప్పాడనుకుంది, అందుకే వరండాలో కూర్చోబెట్టారనుకుంది. ఆ కోపంలో సాయంత్రం పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. తరవాత పాత కామిక్‌లన్నీ తెరిచి, ఒక్కోదాని నాలుగో గడి మీద బొటనవేలు అడ్డం పెట్టి చూసింది. ప్రతిదీ బాగుపడింది. ఒకదానికైతే తనకే నవ్వొచ్చింది. ఇన్నాళ్ళ నుంచి కోరుకున్నది ఇదేనని అప్పుడు అర్థమై, కళ్ళు తుడుచుకుంది.

ఇంతలో ఎం.డి. గారి రాక ఖాయమైంది. ఆదర్శ జోన్‌లో విమర్శ ఎలా జరుగుతుందో ఆయన కళ్ళారా చూస్తారట. ఆవరణలో షామియానా వేశారు, పెద్ద తెర కట్టారు. ఎం.డి. గారి హోదాకు ఎలాంటి లోపం కేటాయించాలన్న దాని మీద కమిటీ కూర్చుంది. రెండు తోకలు డ్రైవరు వాడేసిన సరుకు. కడుపు మీద ముక్కు పక్క జోనుకు పోయింది. చివరికి భానోజీరావు సూచన మీద తల తీసేయాలని నిర్ణయించారు. చుంచయ్యకు తల ఉండరాదనీ, ఆ సంగతి ఎం.డి. గారు గమనించేదాకా సిబ్బందిలో ఎవ్వరూ గమనించరాదనీ లిఖితపూర్వకంగా తెలియజేశారు. ఎవరి విమర్శ వాళ్ళకు చీటీల మీద టైపు చేసి ముందే పంచారు. ఇవన్నీ విని హైమావతి అలాగేనండీ అంది.

ఆ రోజు తెర మీద ఆమె పెట్టింది వేరే బొమ్మ.

మొదటి గడిలో ఒక పిల్లి చంకలో ఫైలు పెట్టుకుని గోదాము తనిఖీకి వస్తుంది. రెండో గడిలో, ఇక్కడ ఎలుకలున్నాయా అని అడుగుతుంది. అడిగేది చుంచయ్యనే. మూడో గడిలో చుంచయ్య చేతులు కట్టుకుని, ఎలుకలు లేవండీ అంటాడు. పిల్లి రాసుకుంటుంది. నాలుగో గడిలో మాటల్లేవు. చుంచయ్య తోక సిరాలో ముంచి పిల్లి రాసిన దాని కింద సంతకం పెడుతున్నాడు. పిల్లి వంగి, సిరాబుడ్డి పట్టుకుని నిలబడింది. చుంచయ్యకు నాలుగు కాళ్ళు, ఒక తోక, కళ్ళజోడుతో సహా ఒక తల.

షామియానా కింద అందరూ చీటీలు తిరగేశారు. అప్పుడు ముందు వరసలోంచి ఒక భారీ నవ్వు బయటికొచ్చింది. నరసరాజు గారు. ముప్పై ఏళ్ళు తనిఖీలు చేసిన మనిషి, ఆపుకుందామన్నా ఆగలేదు. వెనక ఏసుపాదం అందుకున్నాడు, క్యాషియరు కొంగు అడ్డం పెట్టుకుంది, భానోజీరావు భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. హైమావతి తెర పక్కన నిలబడి ఆ నవ్వు విన్నది. జన్మలో ఆమె చెవినబడిన వాటిల్లో అంత తీయనిది లేదు.

ఎం.డి. గారు తల తిప్పి చూశారు. నవ్వు ఆగిపోయింది. ఆయన మైకు అందుకుని, జేబులోంచి చీటీ తీసి చదివారు.

"చిత్రం కనులవిందుగా ఉంది. అయితే ఎలుకకు తల లేదు. తల ఏర్పాటు చేయగలరు."

తెర మీద చుంచయ్య కళ్ళజోడులోంచి ఆయన్నే చూస్తున్నాడు. చప్పట్లు మోగాయి. తరవాత భానోజీరావు లేచి, రెండు నడుములుండటం సమంజసం కాదన్నారు. క్యాషియరు, కండువా తలకిందులుగా ఉందంది. కళ్ళజోడు మోకాలికి పెట్టుకున్నాడని ఎకౌంట్స్ ఆయన ఆక్షేపించాడు. ఏసుపాదం చీటీ చూసి, తెర చూసి, మళ్ళీ చీటీ చూసి, ఆకాశం నేల మీదుందని చదివేసి కూర్చున్నాడు. ఒక్కరూ తప్పు చదవలేదు. అంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదని ఎం.డి. గారు మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రమే విచారణ జరిగింది. సిబ్బంది అందరి విమర్శలూ ఉత్తర్వులకు అనుగుణంగా ఉన్నాయి. చిత్రం ఒక్కటే వాటికి అనుగుణంగా లేదు. కాబట్టి దోషం చిత్రానిదేనని తేలిపోయింది. ముందస్తు అనుమతి లేకుండా లోపరహితమైన చిత్రం ప్రదర్శించి ఉన్నతాధికారుల విమర్శావకాశానికి భంగం కలిగించినందుకు సంజాయిషీ అడిగారు. ఎం.డి. గారు దయతలచి ఒక అవకాశం కూడా ఇచ్చారు. రేపటిలోగా తల తీసేసి బొమ్మను విమర్శకు అనుగుణంగా సవరిస్తే విషయం అంతటితో ముగిస్తారట.

సగం జీతంతో ఇల్లు ఎలా నడుస్తుందో హైమావతికి తెలియక కాదు. అయినా మూడు నెలలు అలాగేనండీ, అలాగేనండీ అన్న నోరు ఆ పూట వేరే మాట అంది.

"తల తియ్యనండీ."

మర్నాటి నుంచి ఆమె వరండాలో బల్ల మీద కూర్చుంది. దక్షిణామూర్తి గారు పలకరించలేదు గాని, తన సంచి తీసి చోటిచ్చారు. ఆమె ఫోను చేతికిస్తే పిల్లి బొమ్మ చూసి, ఒక్కసారి పైకే నవ్వి, రెండో గడిలో పిల్లి వీపు నీళ్ళల్లో నానినదానిలా ఉందన్నారు. ఆమె పెన్ను తీసి అక్కడికక్కడే వీపు నిమిరినట్టు దిద్దింది. ఇద్దరూ భోజనం చేశారు. లోపల సోమవారం విమర్శలు యథావిధిగా జరిగిపోతున్నాయి. చుంచయ్య పాత బొమ్మ ఒకటి తెరిచి, వంతులవారీగా వాడుకుంటున్నారని వినికిడి.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం, సిబ్బంది అంతా క్యాంటీనుకు వెళ్ళాక, నరసరాజు గారు వరండాలోకి వచ్చారు. అటూ ఇటూ చూశారు. హైమావతి లేచి నిలబడబోతే వద్దని సైగ చేశారు. కాసేపు ఎండ గురించి మాట్లాడారు. తరవాత ఫోను తీసి ఆమె ముందుకు చాపారు. మీటింగుల్లో అరచేతి కింద అన్నేళ్ళూ దాచుకున్నదేమిటో ఆమెకప్పుడు తెలిసింది. కాగితాల మీద గీసి ఫొటో తీసుకున్న పిల్లులు. కూర్చున్నవి, పడుకున్నవి, కుర్చీలో సంతకాలు పెడుతున్నవి. వేలితో జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"మా ఇంట్లో అందరూ బాగుందంటారమ్మా," అన్నారు. ఆ భారీ గొంతు ఎక్కడికి పోయిందో. "ఆఫీసులో చూపిస్తే కాళ్ళ మీద పడి పొగుడుతారు. మీ ఇద్దరికీ నావల్ల ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు కదా. ఉన్నదున్నట్టు చెప్పండి."

హైమావతి తలెత్తి చూసింది. పెద్ద మనిషి, బడిలో పలక చూపించి నిలబడ్డట్టు నిలబడ్డారు. ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. బొమ్మను ఇంకోసారి, శ్రద్ధగా చూసింది.

"పిల్లి బాగాలేదండీ," అంది.

నరసరాజు గారు ఇన్నేళ్ళుగా పట్టి ఉంచిన ఊపిరి వదిలారు. దక్షిణామూర్తి గారు క్యారియరు ఒళ్ళోకి తీసుకుని ఇంకాస్త పక్కకు జరిగారు.

"ఎక్కడ బాగాలేదమ్మా?" అంటూ నరసరాజు గారు బల్ల మీద కూర్చున్నారు.